మామూ బుల్లెట్, జజరీ కితాబ్

మొన్న రంజాన్ ముందు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. "కారులో, బైకులో ఉండే కామ్‌షాఫ్ట్‌ను కనిపెట్టింది ముసల్మాన్ సైంటిస్ట్ అల్ జజరీ. సన్ 1206. యూరప్ వాళ్లు చోరీ చేసి తమ పేరు రాసుకున్నారు. ఫఖర్ సే షేర్ కరో." కింద తలపాగా చుట్టుకున్న ఒక బుజుర్గ్ బొమ్మ. పది నిమిషాల్లో ఇరవై మాషా అల్లాలు పడ్డాయి. పెట్టినాయన మా దూరపు చుట్టం. పదేళ్ల కింద మా మామూ కొడుక్కి రిష్తా వచ్చినప్పుడు "మిస్త్రీ ఇల్లా? కాలే హాథ్ వాలే" అని వద్దన్నది కూడా ఆయనే.

ఆ మెసేజ్ వచ్చిన వేళ నేను కోనరావుపేటలో మా ముమానీ ఇంటి సహన్‌లో, గోనెసంచి మీద కూర్చుని ఉన్నాను. ముందర మామూ బుల్లెట్, పొట్ట విప్పి ఉంది. నా చేతిలో సాక్షాత్తు కామ్. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. ఆ రోజు రెండు దావాలు నా ముందు ఉన్నాయి. ఒకటి జజరీ గురించి, ఇంకొకటి కామ్ గేరు మీద కొట్టిన ఒక చుక్క గురించి. రెండింటినీ పడతాల్ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మామూ ఇంతెఖాల్ అయి రెండేళ్లు. పద్నాలుగేళ్లు దమ్మామ్‌లో ఒక గ్యారేజీలో చేసి, వాపస్ వచ్చి ఊళ్లో చెట్టు కింద పానాల పెట్టె తెరిచాడు. మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పక్క ఏ ఊరు చూసినా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. ఎక్కువమంది కంబళ్లు, అత్తర్లు, టేప్ రికార్డర్లు తెచ్చారు. మామూ తెచ్చినవి రెండే: గుండ్రటి అల్యూమినియం డిగ్రీ ప్లేటు, ఒక డయల్ గేజ్. ముమానీ చాన్నాళ్లు దాన్ని గడియారం అనుకుంది. ఆ రెండూ ఇనుప సందూక్‌లో పాత లుంగీలో చుట్టి ఉన్నాయి. ఆయన పోయాక మొదటిసారి మేమే తీశాం. మేమంటే నేను, మామూ కొడుకు. వాడు సిరిసిల్లలో సాంచెల కార్ఖానాలో జాబర్. నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, అఖ్బార్‌లో వార్తలు రాసుకునేవాణ్ని. పానా పట్టడం మామూ దగ్గర సెలవుల్లో నేర్చుకున్నంతే.

ఇంజిన్ సంగతి తెలియని ఖాలాలు, ఫూఫీలు కూడా చదువుతారు కాబట్టి సాఫ్‌గా చెప్తాను. బుల్లెట్ ఇంజిన్‌కు నాలుగు అడుగుల దమ్ము. పెట్రోలు గాలిని లోపలికి పీల్చుతుంది, నొక్కుతుంది, కాలుస్తుంది, పొగను బయటికి తోస్తుంది. పీల్చడానికి ఒక దర్వాజా, పొగ పోవడానికి ఒక దర్వాజా. వీటినే వాల్వులు అంటాం. ఈ దర్వాజాలను వేళకు తెరిచే పహరేదారు కామ్. గుండ్రంగా ఉండక ఒక పక్క ముక్కులా పొడుచుకొచ్చిన ఇనుప ముక్క. తిరుగుతూ తిరుగుతూ ఆ ముక్కు వచ్చినప్పుడు మీదున్న కడ్డీని లేపుతుంది, కడ్డీ పోయి వాల్వును తెరుస్తుంది. నాలుగు అడుగులకు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది, కామ్ ఒక్క చుట్టే. సగం వేగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పాత ఇనుప సిలిండర్ బుల్లెట్‌లో పొడుగాటి కామ్‌షాఫ్ట్ ఉండదు. కుడిపక్క డబ్బాలో రెండు వేరు వేరు కామ్‌లు, ఒక్కోదానికి ఒక గేరు. గేర్ల మీద చుక్కలు కొట్టి ఉంటాయి. చుక్కకు చుక్క ఎదురుగా పెట్టి బిగిస్తే టైమింగ్ కుదిరినట్టే అని అందరి నమ్మకం. మామూ కామ్‌లు ముక్కు దగ్గర అరిగిపోయాయి. శహర్‌లో ఒక దుకాణంలో కొత్త జత కొన్నాం. అసలు కంపెనీది కాదు, నఖలు సరుకు. చుక్కలు చూసి పెట్టాం. మూత బిగించాం. కిక్ కొడితే ఇంజిన్ లేచింది. ముమానీ దుప్పట్టా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఊరు దాటి చందుర్తి రోడ్డు ఎక్కామో లేదో దమ్ము లేదు. రెండో గేరు నుంచి మూడోదానికి పోనంటోంది. చప్పుడు మాత్రం బారాత్‌లో బ్యాండులా. ఇంటికి వచ్చేసరికి సైలెన్సర్ వంపు దగ్గర నికెల్ నీలంగా మారింది.

వాడు కార్బురేటర్ అన్నాడు. నేను పెట్రోలు అన్నాను. ఊళ్లో ఒక పెద్దాయన నజర్ తగిలిందన్నాడు. మూడూ కావు. అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి మామూ మాట గుర్తొచ్చింది. "నిషాన్ పే భరోసా నక్కో కర్ రే, నాప్ కే దేఖ్." చుక్క కొట్టినవాడూ మనిషే, వాడికీ ఆ పూట నిద్ర వచ్చి ఉండొచ్చు. సందూక్ తెరిచింది అందుకే.

కామ్ డిగ్రీలు పట్టడం అంటే ఇదీ. ఎడమపక్క చైను డబ్బా విప్పి, క్రాంక్ చివర డిగ్రీ ప్లేటు బిగించాం. తీగ వంచి ముల్లు చేసి దానికి ఎదురుగా కట్టాం. ముందు తేల్చాల్సింది పిస్టన్ పూర్తిగా మీదికి వచ్చేది ఎక్కడ అని. కంటితో చూస్తే కుదరదు, ఎందుకంటే మీదికి వచ్చాక పిస్టన్ కాసేపు నిలబడ్డట్టే ఉంటుంది, క్రాంక్ మాత్రం కొన్ని డిగ్రీలు తిరిగిపోతుంది. మామూ దీనికి పాత స్పార్క్ ప్లగ్ కడుపు తీసేసి అందులో బోల్టు బిగించి ఒక అడ్డు చేసుకున్నాడు. దాన్ని ప్లగ్ రంధ్రంలో పెట్టి, క్రాంక్‌ను ఒక దిక్కుకు మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి అడ్డుకు తగులుతుంది. ముల్లు 38 చూపింది. రెండో దిక్కుకు తిప్పితే 44. రెండూ కలిపితే 82, సగం 41. ముల్లును జరిపి రెండు పక్కలా 41 వచ్చేట్టు చేస్తే, సున్నా ఎక్కడుందో అదే అసలు మీది కొస. ఇంత సాదా హిసాబు. బళ్లో హిందసా మాస్టర్ బెత్తం పట్టుకుని చెప్పినా నాకు ఎక్కని సగటు, ఆ ప్లేటు ముందు ఒక్క నిమిషంలో ఎక్కింది.

తర్వాత అడ్డు తీసేసి, డయల్ గేజ్‌ను వాల్వు నెత్తి మీద ఆనించాం. వాల్వు పూర్తిగా ఎక్కడ తెరుచుకుంటుందో దాన్నీ నేరుగా చూడకూడదు. కామ్ ముక్కు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గేజ్ ముల్లు అక్కడ కొన్ని డిగ్రీలు కదలకుండా ఉంటుంది. అందుకని పూర్తి ఎత్తుకు ఒక మిల్లీమీటరు ముందు ఒకసారి, దిగేటప్పుడు ఒక మిల్లీమీటరు కింద ఒకసారి డిగ్రీలు రాసుకుని సగం తీయాలి. ఇంజిన్ నడిచే దిక్కుకే తిప్పాలి. చేయి జారి ముందుకు పోతే పావు చుట్టు వెనక్కి పోయి మళ్లీ రావాలి, లేకుంటే గేర్ల పళ్ల మధ్య ఉండే ఖాళీ హిసాబును చెడగొడుతుంది. నేను రెండుసార్లు చెడగొట్టాను. వాడు ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకున్నాడు.

పీల్చే వాల్వుకు 64, 150 వచ్చాయి. సగం 107. ఇలాంటి ఇంజిన్లలో ఇది 100కూ 115కూ నడుమ ఉంటుంది కాబట్టి బేఫికర్. పొగ వాల్వుకు, మీది కొసకు ముందు, 176, 90. సగం 133. ఇది కూడా 110 దగ్గర ఉండాల్సింది. ఇరవై మూడు డిగ్రీలు ముందే దర్వాజా తెరుచుకుంటోంది. మంట ఇంకా పిస్టన్‌ను తోస్తుండగానే సగం జోరు పొగగొట్టంలోకి పారిపోతోంది. చప్పుడు ఎందుకు పెరిగిందో, వంపు ఎందుకు నీలమైందో, దమ్ము ఎటు పోయిందో అన్నిటికీ జవాబు దొరికింది. చుక్క ఒక పల్లు పక్కన కొట్టి ఉంది. అంతే.

"భయ్యా, ఇది మా సాంచె కింది షాఫ్ట్ లెక్కనే ఉన్నది గదా" అన్నాడు వాడు, ఆ కామ్‌ను తిప్పి తిప్పి చూస్తూ.

ఆ మాటతోనే నాకు ఈ వ్యాసం దొరికింది. సిరిసిల్ల సాంచెను దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. పైన క్రాంక్ షాఫ్ట్, కింద ఇంకో షాఫ్ట్. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే నాడె ఒకసారి దాటుతుంది. నాడెను ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి కొట్టాలి కాబట్టి, కొట్టే కామ్‌లు ఉన్న కింది షాఫ్ట్ రెండు పోగులకు ఒక చుట్టే తిరుగుతుంది. సగం వేగం! సాదా నేతలో పడుగు ఒకసారి మీదికి, ఒకసారి కిందికి. దాన్ని లేపే కామ్‌లూ ఆ షాఫ్ట్ మీదనే. జాబర్ పని ఏమిటంటే, పడుగు ఎప్పుడు తెరుచుకోవాలి, నాడె ఎప్పుడు బయలుదేరాలి అన్నది క్రాంక్ నిలిచిన చోటును బట్టి కుదర్చడం. తప్పితే నాడె మధ్యలో ఇరుక్కుంటుంది, పోగులు తెగుతాయి. మా వాడు రోజూ చేసే పని ఇదే. బుల్లెట్ టైమింగ్ వాడికి కొత్త ఇల్మ్ కాదు, ఇల్లు మారిన పాత ఇల్మ్. తారీఖ్‌లో కూడా వరుస అదే. కార్ట్‌రైట్ మర మగ్గానికి పేటెంట్ 1785లో. ఆటో నాలుగు అడుగుల ఇంజిన్ 1876లో. అంటే ఇంజిన్ పుట్టేనాటికి మగ్గం దగ్గర పనిచేసేవాళ్లకు కామ్ పాత చుట్టం. ఇంకో విచిత్రం, డైమ్లర్, మైబాక్‌లు 1885లో చేసిన ఇంజిన్‌లో కామ్ పొగ వాల్వును మాత్రమే తెరిచేది. పీల్చే వాల్వుకు పహరేదారే లేడు, పిస్టన్ దిగుతుంటే ఆ పీల్పుకే తెరుచుకునేది. వేగం పెంచాలనుకున్నప్పుడు దానికీ కామ్ పెట్టక తప్పలేదు.

ఇక వాట్సాప్ దావా. దాన్నీ అదే గోనెసంచి మీద పెట్టి విప్పాను.

జజరీ ఉన్నాడా? ఉన్నాడు, ఖాయంగా. బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్జ్ ఇస్మాయిల్ ఇబ్న్ అర్రజ్జాజ్ అల్ జజరీ. ఇప్పుడు తుర్కీలో ఉన్న దియార్‌బకర్, అప్పటి ఆమిద్‌లో, అర్తుఖీ సుల్తానుల కొలువులో పాతికేళ్లు చేశాడు. సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్ కోరిక మీద తన యంత్రాల కితాబ్ రాసి 1206లో పూర్తి చేశాడు. యాభై యంత్రాలు, ఆరు బాబులు. ఏనుగు మీద గడియారం, నీళ్లు తోడే మరలు, వుజూకు నీళ్లు పోసే బొమ్మ, ఆమిద్ మహల్‌కు ఇత్తడి దర్వాజా. అరబ్బీ పేరులోనే ఇల్మ్‌నూ అమల్‌నూ ఒకచోట చేర్చే కితాబ్ అని ఉంది. ఇంకో మాట 'హియల్'. అరబ్బీలో అది ఉపాయం, ఎత్తుగడ, యంత్రాల నేర్పు కూడా. మన ఉర్దూకు వచ్చేసరికి హీలా అయి, హీలా బహానాగా మిగిలింది. యంత్రం చేసే మాటను సాకు చెప్పే మాటగా మార్చుకున్న ఖౌమ్ మనది, ఈ సంగతి మాత్రం ఎవరూ షేర్ చేయరు.

కామ్ సంగతి? అదీ ఉంది. మెహఫిల్‌లో హౌజ్ నీళ్ల మీద తేలే ఒక పడవ, అందులో నలుగురు సంగీతకారుల బొమ్మలు. ఒకరు పిల్లనగ్రోవి, ఒకరు తంతి వాద్యం, ఇద్దరు డప్పులు. లోపల నీళ్లు పడి చక్రం తిరిగితే, ఇరుసు మీద మొలిపించిన మేకులు మీట చివరలను నొక్కి వదులుతాయి, డప్పుల వాళ్ల చేతులు లేచి పడతాయి. తిరుగుడును ఎత్తుదిగుడుగా మార్చే కామ్ అదే. మేకును ఎక్కడ పెడితే దెబ్బ అప్పుడు పడుతుంది. దాన్ని టైమింగ్ అనకుండా ఇంకేమంటాం?

అయితే కనిపెట్టింది ఆయనేనా? కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే ఇస్కందరియా హీరోన్ గాలిచక్రం ఇరుసుకు మేకులు పెట్టి, వాటితో మీటను నొక్కించి బాజా మోగించే యంత్రం గురించి రాశాడు. అదే కాలంలో చైనాలో నీటిచక్రం ఇరుసు మీది దిమ్మెలు రోకళ్లను లేపి ధాన్యం దంచేవి. మన తారీఖ్‌లోనే చూసుకున్నా, తొమ్మిదో శతాబ్దం బగ్దాద్‌లో బనూ మూసా అన్నదమ్ములు ముగ్గురు జజరీకి మూడు వందల ఏళ్ల ముందున్నారు. సమర్‌ఖంద్‌లో కాగితం గుజ్జు దంచే నీటి రోకళ్లను అల్‌బిరూనీ ప్రస్తావించాడు. జజరీ తనకు ముందువాళ్ల పనిని దాచలేదు. వాళ్లవి చూశాను, వాళ్ల దారినే నడిచి నావి కలిపాను అనే ధోరణి ఆయనది. ఆయన వదిలేసిన దావాను ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనం ఆయన మీద రుద్దుతున్నాం.

యూరప్ చోరీ చేసిందా? ఈ కితాబ్ మధ్యయుగంలో లాటిన్‌లోకి పోయినట్టు సబూత్ ఏదీ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వీడెమాన్ అనే జర్మన్ ఆలిమ్ దాని మీద పనిచేశాడు. పూర్తి ఇంగ్లీషు తర్జుమా డొనాల్డ్ హిల్ చేతుల మీదుగా 1974లో వచ్చింది, అప్పటికి బుల్లెట్లు మద్రాసులో తయారవడం మొదలై దాదాపు ఇరవై ఏళ్లు. చోరీ అనే ముందు తాళం పగిలిన గుర్తు చూపాలి కదా. హునర్ అనేది కితాబుల కన్నా చేతుల మీదుగా ఎక్కువ దూరం పోతుంది, నీళ్ల రోకలి ఎవరి నుంచి ఎవరికి పోయిందో పేరు రాసుకోలేదు.

మరి ఆయన గొప్పతనం ఎక్కడ? నాకు డిగ్రీ ప్లేటు పట్టుకున్నాక తెలిసింది. జజరీ కొలతలు రాశాడు. ఏ రేకు ఎంత మందం, ఏ రంధ్రం ఎంత, ఏది ఎలా పోత పోయాలి, ఏది దేనికి అతికించాలి, ఇంకొక మిస్త్రీ చదివి మళ్లీ చేయగలిగేట్టు. తాను చేసి చూడని దాన్ని నమ్మనన్నాడు. నీళ్ల గడియారంలో గంటకింత అని ముందువాళ్లు చెప్పిన లెక్కను స్వయంగా పరీక్షించి, తప్పిన చోట తప్పిందని రాశాడు. ఆరో బాబులో ఒక చిన్న ఆలా ఉంది, మూడు బిందువులకు కేంద్రం ఎక్కడో పట్టేది, కోణాలు కొలిచేది. వుజూ బొమ్మలంత అందంగా ఉండదు కాబట్టి పోస్టర్లలో కనిపించదు. నాకైతే ఆ యాభైలో అన్నిటికన్నా ప్యారా అదే. మా సందూక్‌లోని ప్లేటుకు పెద్దన్న.

డిగ్రీ ప్లేటును మొదటిసారి చూస్తే నాకు అస్తుర్లాబ్ గుర్తొచ్చింది. అంచు చుట్టూ 360 గీతలు, నడుమ తిరిగే ముల్లు. హుమాయూన్ కాలంలో లాహోర్‌లో ఉస్తాద్ అల్లాదాద్ అని ఉండేవాడు. ఆయన తర్వాత కొడుకు, మనుమలు, మునిమనుమడు, నాలుగు తరాలు ఇత్తడి మీద ఆ గీతలే గీశారు. చేసిన అస్తుర్లాబ్‌ల మీద తమ పేరు, తండ్రి పేరు, తాత పేరు చెక్కుకున్నారు. కాలే హాథ్ అని శరమ్ పడలేదు.

ఈ నేల మీద కూడా ఆ సిల్‌సిలా తెగలేదు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు, మొత్తం ఉద్యోగులు 166 మంది. 1942లో ఆల్విన్, ఆ మరుసటి ఏడు ప్రాగా టూల్స్. ఉస్మానియాలో ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పేవారు, దారుత్తర్జుమాలో కూర్చుని ఒక్కో సైన్సు మాటకు ఉర్దూ మాట వెతికేవారు. 1948 తర్వాత మీడియం ఇంగ్లీషైంది. క్లాసురూముల్లో ఆ మాటలు పోయాయి. చెట్టు కింద గ్యారేజీల్లో మాత్రం ఉస్తాద్, షాగిర్ద్, పానా, పేచ్, నాప్ ఇంకా బతికే ఉన్నాయి. పట్టా ఉన్న ఉర్దూ చచ్చింది, గ్రీజు పూసుకున్న ఉర్దూ మిగిలింది. ఉర్దూ బళ్లో చదివిన నాకు ఇంజిన్ మాట ఒక్కటి రాకపోవడం, బడి మధ్యలో మానేసిన మా మామూకు అన్నీ రావడం ఇందుకే కావచ్చు.

గ్రూపులో ఇదంతా రాశాను. సగం రాసి ఆగి, ఇది కూడా పొగరు అవుతుందేమో అనిపించి, ఇంకొంచెం మెత్తగా మార్చి పంపాను. జజరీ మొదటివాడు కాడని అన్నందుకు ఇద్దరు నారాజ్ అయ్యారు. ఒకతను "మనవాళ్ల ఇజ్జత్ మనమే తీసుకుంటామా" అన్నాడు. ఆ చుట్టం మాత్రం ఏమీ అనలేదు, రెండు నీలం టిక్కులు పడ్డాయి. జజరీ స్వయంగా పరీక్షించకుండా ఏదీ ఒప్పుకోనన్నవాడు, ఆయన పేరు మీద పరీక్షించని మాట పంపడం ఆయనకు ఇజ్జతా అని అడగాలనుకున్నాను. అడగలేదు. రంజాన్ ముందు ఎందుకని.

బుల్లెట్ దగ్గరికి వస్తే, పొగ కామ్ గేరును ఒక పల్లు జరిపాం. ఎటువైపు జరపాలో మాకు తగువైంది. నేను చెప్పిన దిక్కు తప్పు, వాడిది ఒప్పు. మళ్లీ గేజ్ పెట్టాం. 153, 67. సగం 110. వాడు ప్లేటు మీద వేలు ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. స్పిండిల్స్ ఊగడం లేదని చేత్తో ఆడించి చూశాం, కామ్ ముక్కులకు ఆయిల్ పూశాం. పుష్‌రాడ్‌లు చేత్తో తిప్పితే తిరిగేట్టు, మీదికీ కిందికీ మాత్రం ఆడకుండా కుదిర్చాం. ఇగ్నిషన్ పాయింట్లు మీది కొసకు 0.8 మిల్లీమీటర్ల ముందు విడేట్టు పెట్టాం, మామూ పాత కాపీలో అదే రాసి ఉంది, ఉర్దూ అంకెల్లో.

మూత బిగించే ముందు వాడు పంచ్, సుత్తి తెచ్చాడు. దుకాణం వాళ్ల చుక్కను గీరి పోగొట్టి, అసలు పల్లు దగ్గర కొత్త చుక్క కొట్టాడు. దాని పక్కన, లోపలికి ఎవరు చూస్తారని నేనంటుండగానే, గీత పెన్నుతో తన పేరు, కింద వాళ్ల అబ్బా పేరు గీశాడు. తర్వాత గాస్కెట్ అతికించాం. ముమానీ చాయ్ తెచ్చి పెట్టి, మసీదులో అసర్ అజాన్ అయ్యేదాకా కిక్ కొట్టొద్దంది.